తెగని పోగు

"న్యాయమైన కోపం కూడా పాపమేనా, గురువుగారూ?" అని శరభయ్య అడిగాడు.

అడిగిన తీరులోనే కోపం ఉంది. మా గురువు నీలకంఠయ్యగారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాడి ముఖం కాసేపు చూసి, "ఎవరి మీద?" అన్నారు.

"కుక్కపిల్ల మీద."

ఆయన అరుగు మీద కూర్చున్న మాలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయన నవ్వలేదు.

శరభయ్య మా పేటలో పేరున్న నేతగాడు. తాగడు, చుట్ట కాల్చడు, అబద్ధమాడడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి స్నానం చేసి, దండం పెట్టుకుని మగ్గం గుంటలో కాళ్ళు పెడితే చీకటి పడేదాకా లేవడు. మగ్గం మీద రెండు వేల పోగులున్నా చేయి పోవలసింది తెగిన పోగు మీదికేనని, తెగని పోగును ఊరికే తాకితే అదీ తెగుతుందని తండ్రి అతనికి నేర్పాడు. ఆ పద్ధతినే అతను ఇంట్లోనూ పెట్టాడు. తప్పు జరిగినచోట మాట్లాడాలి, జరగనిచోట నోరు మూసుకోవాలి. "మా ఇంట్లో అనవసరమైన మాట ఒక్కటి వినపడదు" అని పదిమందిలో గర్వంగా చెప్పుకునేవాడు. మేమూ అది గొప్ప గుణమనే అనుకున్నాం.

కుక్కపిల్లను తెచ్చింది కూడా అతనే. మా పేటలో పడుగుకు గంజి పట్టించేది వీధిలోనే. ఇంటి ముందు నుంచి నాలుగిళ్ళ దూరం పోగులు సాగదీసి కట్టి, ఎండెక్కకముందే పని ముగిస్తాం. ఆ సమయంలో పందులు అడ్డంపడి పరుగెత్తితే అంత పనీ నేలపాలు. మాఘమాసంలో శరభయ్య పడుగు అలాగే పోయింది. అందుకని కాపలాకు రెండు నెలల పిల్లను తల్లి దగ్గర నుంచి తెచ్చి, పెరట్లో రాటకు కట్టాడు.

"తొమ్మిది రాత్రులయింది," అన్నాడు గురువుగారితో. "దీపం ఆర్పగానే మొదలుపెడుతుంది. లేచి వెళ్ళి నాలుగు తగిలిస్తే ఊరుకుంటుంది. వచ్చి పడుకుంటే మళ్ళీ మొరుగుతుంది. రాత్రికి ఐదుసార్లు, ఆరుసార్లు. నిద్ర ఉండడం లేదు. నిన్న అంచులో మూడు చోట్ల తప్పు పోయింది. వేళకు తిండి పోస్తున్నాను, నీడలో కట్టాను. ముద్దుచేస్తే కాపలాకు పనికిరాదని ఇంట్లో ఎవరినీ దాని దగ్గరికి పోనివ్వలేదు. నా వైపు లోపమేముంది? రేపు అమావాస్య, మగ్గానికి సెలవు. గోనెసంచిలో కట్టి కాలవలో వేసి వస్తాను. నా కోపం న్యాయం కాదంటారా?"

గురువుగారి ముఖం ఎర్రబడింది. ఆయనకు అంత కోపం రావడం నేను అంతకుముందు చూడలేదు. అయినా గొంతు పెంచలేదు.

"ఈ రాత్రి మీ పెరటి వసారాలో పడుకుంటాను," అన్నారు. "సంచి సంగతి పొద్దున చూద్దాం. అప్పటిదాకా రోజూ చేసేదే చెయ్యి. ఒక్కటి కూడా మానకు."

నన్నూ వెంట రమ్మన్నారు. శరభయ్య భార్య చౌడమ్మ మాకు చాపలు వేసి, చెంబుతో నీళ్ళు పెట్టి, తిరిగి రాట్నం ముందు కూర్చుంది. ఆ ఇంట్లో రేపటి అమావాస్య సెలవు మగ్గానికే గాని రాట్నానికి లేదు. ఆమె మగ్గానికి నూలు కండెలు చుడుతూనే ఉంది. గోడవారన గోనెసంచి, దానిమీద పురికొస సిద్ధంగా ఉన్నాయి.

"పడుకోవా, అమ్మా?" అని గురువుగారు అడిగారు.

"పడుకుని ఏం చేస్తాను, స్వామీ. కాసేపటికి ఇద్దరూ కలిసి మొరుగుతారు," అంది.

శరభయ్య విననట్టు దీపం ఆర్పాడు.

ఎంతోసేపు పట్టలేదు. కుక్కపిల్ల మొరిగింది. శరభయ్య కర్ర తీసుకుని పెరట్లోకి వచ్చాడు. గురువుగారు లాంతరు ఎత్తి పట్టుకున్నారు.

పిల్ల అతన్ని చూసి తోక ఊపింది. వీపు మీద దెబ్బ పడింది. కుయ్యిమని నేలకు అంటుకుపోయింది గాని, తోక ఊపడం ఆపలేదు. రెండో దెబ్బకు వెల్లకిలా తిరిగి పొట్ట చూపించింది. "ఈ రాత్రితో నీకు సరి," అని అతను తిడుతూ ఉంటే, కిందికి దించిన కర్ర కొసను నాకింది. అతను వెనుదిరిగాడు. తాడు బిగిసేదాకా వెంటవచ్చి నిలబడి చూసింది. తలుపు మూసుకోగానే మళ్ళీ మొరిగింది.

మూడుసార్లు ఇదే జరిగింది. మూడోసారి గురువుగారు అతని మణికట్టు పట్టుకున్నారు.

"ఇది మొరగనప్పుడు ఎప్పుడైనా దీని దగ్గర కూర్చున్నావా?"

శరభయ్యకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "మొరగనప్పుడు నాకక్కడేం పని? తెగని పోగు జోలికి ఎవడు పోతాడు, గురువుగారూ?"

చౌడమ్మ లోపలి నుంచి గడప దగ్గరికి వచ్చింది. ఆమె గొంతు నెమ్మదిగానే ఉంది.

"ఈ ఇంట్లో తెలివైనది అదొక్కటే, స్వామీ. మొరిగితే ఈయన వస్తారని తొమ్మిది రోజుల్లో కనిపెట్టింది. నేనొచ్చి పంతొమ్మిదేళ్ళు. రోజూ బుట్టెడు కండెలు చుడతాను. ఒక్కదాంట్లో ముడిపడితే పేరు పెట్టి పిలుస్తారు, బుట్ట విసిరేస్తారు. ముడి లేని రోజున నేను ఉన్నానో పోయానో చూడరు." ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఒక్కోసారి కావాలనే ముడి వేశాను. తెలుసా మీకు?"

"గురువుగారి ముందు ఇవేం మాటలే?" అన్నాడు శరభయ్య.

"మొరుగుతున్నాను," అంది ఆమె.

తర్వాత పెరట్లోకి దిగి తాడు విప్పింది. "నన్నడక్కుండా..." అని అతను మొదలుపెట్టాడు. "అడగను," అంది. గోడవారనున్న గోనెసంచి మీద నుంచి పురికొస తీసి చీకట్లోకి విసిరేసి, సంచిని నాలుగు మడతలు పెట్టి గడప లోపల తన చాప పక్కన పరిచింది. పిల్ల దాని మీద రెండుసార్లు గుండ్రంగా తిరిగి ముడుచుకు పడుకుంది. చౌడమ్మ దాని వీపు మీద, దెబ్బలు తగిలినచోట, చేయి వేసి కూర్చుంది. అది మళ్ళీ మొరగలేదు.

శరభయ్య కర్రతో అలాగే నిలబడ్డాడు. ఎవరిని కొట్టాలో, ఎవరిని తిట్టాలో అతనికి తెలియలేదు. చివరికి గురువుగారి వైపు తిరిగి, "మీరు నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు," అన్నాడు. ఆ గొంతులో ఇంకా కోపమే ఉంది, కాని మునుపటి పట్టు లేదు.

నీలకంఠయ్యగారు లాంతరు వత్తి తగ్గించారు.

"న్యాయమైన కోపం సంగతి అడిగావు గదా, శరభయ్యా. ఇప్పుడే నీ ఇల్లాలి నోట విన్నావు. కర్ర కింద పెట్టు."