ఒకే ఒక్క పెసరగింజ

వరద ఏటిని పడవల మీద దాటి పొరుగు కోటను ముట్టడిద్దామని సింహకేతు మహారాజు సభలో అన్నాడు. ఏడుగురు మంత్రులూ భేష్ అన్నారు. వారిలో ఒకడైన ప్రధాని త్రిలోచనయ్య అప్పటికప్పుడే ముహూర్తం కూడా పెట్టేశాడు.

మూడువందలమంది సైనికులను దాటించవలసినవాడు పడవ నడిపే నూకయ్య. అతను ఒక కుండా, గుప్పెడు పెసలూ, గుప్పెడు మినుములూ పట్టుకుని సభకు వచ్చాడు.

"ఏలినవారూ, వరద రోజుల్లో మా రేవులో ఒక ఆనవాయితీ ఉంది. వెళ్దామనేవాడు పెసరగింజ, వద్దనేవాడు మినపగింజ పిడికిట్లో దాచి కుండలో వేస్తాడు. ఎవరిది ఏదో ఎవరికీ తెలియదు."

"మా నోటిమాట చాలదట్రా నీకు?" అని ప్రధాని గద్దించాడు.

"చాలు బాబయ్యా. ఆ మాటే గింజతో చెప్పమంటున్నాను."

రాజు నవ్వి ఒప్పుకున్నాడు. మంత్రులందరూ వేశాక తానూ ఒక పెసరగింజ వేశాడు.

నూకయ్య కుండను బోర్లించాడు. ఏడు మినుములు, ఒక్క పెసరగింజ!

రాజు వంగి ఆ ఒక్క గింజనూ చేతిలోకి తీసుకున్నాడు. ఆ పెసరగింజ తనదే. అంటే, ముహూర్తం పెట్టిన ప్రధాని కూడా వద్దనే అనుకున్నాడు!

"త్రిలోచనయ్యా! మూడువందల ప్రాణాలయ్యా! సభలో ఎందుకు చెప్పలేదు?"

ప్రధాని తల వంచుకున్నాడు. "ముందుగా ప్రభువులే వెళ్దామన్నారు కదా..."

"మా పడవలో చుక్కాని పట్టినవాడు ఆఖరున నోరు విప్పుతాడు, ఏలినవారూ," అన్నాడు నూకయ్య.

రాజు మంత్రులలో అందరికంటే చిన్నవాడి వైపు తిరిగాడు.

"ముందు నువ్వు చెప్పు."

"వద్దు ప్రభూ," అన్నాడతను.