వంకాయలో వ

ములకలరేవులో తెలివైనవాళ్ళెవరని ఎవరైనా అడిగితే బుల్లెబ్బాయి ఇంట్లో ముగ్గురూ ఒక్కసారే చేతులెత్తేవారు. ముగ్గురంటే బుల్లెబ్బాయి, అతని పెళ్ళాం వరాలమ్మ, తమ్ముడు అబ్బులు.

"చెప్పిన మాటని చెప్పినట్టు అర్థం చేసుకోవడమే తెలివంటే," అనేవాడు బుల్లెబ్బాయి. "ఊళ్ళోవాళ్ళకి మనం చెప్పేదొకటి, వాళ్ళకి తోచేదొకటి. మన ఇంట్లో ఆ జబ్బు లేదు."

నిజంగానే లేదు. కొట్లో ఉప్పుందేమో చూడరా అంటే అబ్బులు వెళ్ళి చూసి, ఉందని చెప్పి వచ్చి కూర్చునేవాడు. కూర చప్పగా తిని, ముగ్గురూ తమ తెలివికి తామే మురిసిపోయేవారు.

అలాంటి ఇంటికి ఒక రేడియో సెట్టు వచ్చింది. పాటలు వచ్చే రేడియో కాదు. ఇక్కడ ఒకరు మీట నొక్కి మాట్లాడితే ఎక్కడో ఇంకో ఊళ్ళో ఇంకొకాయన తన సెట్టులో విని బదులు చెప్పే రకం. ఇచ్చినాయన పేరు కామేశం గారు. పట్నంలో ఉంటారు. వైర్‌లెస్‌లో ఉద్యోగం చేసి దిగిపోయినా ఆ పిచ్చి దిగలేదు. ఆయన కొబ్బరితోట బుల్లెబ్బాయి చూసేవాడు. ఆయన కొత్త సెట్టు కొనుక్కుని పాతది వీళ్ళకిచ్చారు.

"పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకునేదాకా వినడమే," అన్నారు కామేశం గారు. "ప్రాణాల మీదికొస్తే తప్ప మీట ముట్టుకోవద్దు."

అంతే, ముగ్గురూ సాయంత్రమయ్యేసరికి సెట్టు ముందు చేరేవారు. గాలిలో బోలెడన్ని గొంతులు. ఒకాయన తన సెట్టు పాతదనీ, వేడెక్కితే గానీ పలకదనీ అనేవాడు. ఇంకొకాయన రాగితీగ కొబ్బరిచెట్టుకి కట్టాక సింహళం వాళ్ళు పక్కింట్లో ఉన్నట్టు వినిపిస్తున్నారని చెప్పేవాడు. మరొకాయన సముద్రంలో పోయే ఓడ కెప్టెను తుమ్మడం విన్నానని పొంగిపోయేవాడు. మధ్యమధ్య మాట అందిందనడానికి అందరూ రోజర్, రోజర్ అనేవారు.

"ఆ రోజరు ఒక్కసారైనా పలకడేంటండీ," అంది వరాలమ్మ.

"పొగరు," అన్నాడు బుల్లెబ్బాయి. "ఇంతమంది పెద్దమనుషులు పిలుస్తుంటే ఊఁ అనడానికేం?"

వరాలమ్మని బాధపెట్టింది మాత్రం ఇంకో మాట. మాట్లాడినవాడల్లా చివర్లో "కాపీ?" అనడిగేవాడు. అవతలివాడు "కాపీ, కాపీ" అనేవాడు. అర్థమైందా, అర్థమైంది అని వాళ్ళ భాష. వరాలమ్మకేం తెలుసు?

"పాపం, నోరెండిపోయేలా అడుగుతున్నారు. ఒక్కరూ ఇవ్వట్లేదు," అంది.

లేచి వెళ్ళి చిక్కని పాలతో కాఫీ కలిపింది. ఎటునుంచి ఇవ్వాలో వెతికింది. మాటలు వచ్చే చోట చిల్లులున్నాయి. మాట వచ్చే దారే నోరు కదా అని గ్లాసెత్తి నెమ్మదిగా అందులో పోసింది. సెట్టు గుటగుట అంది, చిటపట అంది, ఊరుకుంది.

"తాగి పడుకున్నారు," అంది వరాలమ్మ తృప్తిగా.

మర్నాడూ లేవలేదు. అబ్బులు సెట్టుని బస్సులో పట్నం తీసుకెళ్ళాడు. కామేశం గారు మూత తీసి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఇందులో పంచదార ఉందేంట్రా?"

"రెండు చెంచాలండి. ఇంకా కావాలంటే వదిన వేస్తుందండి."

ఆయన దాన్ని కడిగి, ఆరబెట్టి, ఎలాగో బతికించారు. పంపిస్తూ, "మీ ఇంట్లో ఎర్తు సరిగా లేదు. పిడుగు పడితే సెట్టు మాడిపోతుంది. ముందు భూమికి కలపండి," అని ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఒక తీగ తెచ్చి మట్టిలో దింపమని ఆయన ఉద్దేశం.

ఇంకేముంది, మల్లెపాదు పక్కన నడుంలోతు గొయ్యి తవ్వారు. సెట్టుని బ్యాటరీతో సహా కొత్త తువ్వాలులో చుట్టి దింపారు. మట్టి కప్పి, పైన నీళ్ళు చల్లి, ముగ్గురూ బోర్లా పడుకుని చెవులు నేలకి ఆనించారు.

దడి మీంచి చూసిన పక్కింటి నరసమ్మ కేకలు పెట్టింది. కాసేపటికి వీధి వీధంతా వచ్చేసింది. ఆడవాళ్ళు వరాలమ్మని పట్టుకుని ఓదార్చారు.

"ఎవరమ్మా పోయింది?"

"ఇంకా పోలేదు పిన్నీ. లోపల సన్నగా మాట్లాడుతూనే ఉంది."

నరసమ్మ అక్కడే కూలబడింది. మగవాళ్ళు గునపాలు పట్టుకొచ్చి తవ్వారు. తువ్వాలు విప్పితే లోపలినుంచి కామేశం గారి గొంతు, "వాతావరణం బాగాలేదు, గోదావరి పెరుగుతోంది," అంటోంది. తవ్వినవాళ్ళలో ఇద్దరు గునపాలు పారేసి పరిగెత్తారు.

ఈసారి కామేశం గారే వచ్చారు. సెట్టు బల్ల మీద పెట్టి, తీగ తానే మట్టిలో దింపి, ఏదీ ముట్టుకోవద్దని ముగ్గురి చేతా ఒట్టు వేయించుకుని వెళ్ళారు. వెళ్ళేటప్పుడు ఆయన ముఖంలో దిగులుంది.

ఆ దిగులు ఊరికే పోలేదు. నాలుగు రోజులు వాన దంచి కొట్టింది. గోదారి ఎర్రగా పొంగింది. రోడ్డు మునిగింది, కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. ములకలరేవు జనమంతా పిల్లాజెల్లాతో, గొడ్డూగోదాతో ఏటిగట్టు మీదికి చేరారు. బుల్లెబ్బాయి ఇల్లు గట్టుని ఆనుకునే ఉంది గనక మునగలేదు. బ్యాటరీ ఉంది గనక సెట్టూ పలుకుతోంది. ఊరు మొత్తానికి బయటి ప్రపంచంతో మిగిలిన దారి అదొక్కటే. ఆ దారికి కాపలా ఈ ముగ్గురు.

వరాలమ్మకి అన్నం సయించడం లేదు. ఆవిడ తల్లి సూరమ్మ ఏటి మధ్య గుమ్మడిలంకలో ఒక్కతే ఉంటుంది. ఏ కబురూ లేదు.

మధ్యాహ్నం సెట్టులో కామేశం గారు వచ్చారు. "ములకలరేవు, నేను కామేశాన్ని. ప్రాణాల మీదికొచ్చింది. మీట నొక్కి మాట్లాడండి."

బుల్లెబ్బాయి మీట నొక్కాడు. "ఆయ్, వింటున్నామండి. చెప్పండి." మీట నొక్కే ఉంచాడు. మీట కిందికుంటే అవతలి మాట ఇటు రాదు. "చెప్పండి. చెప్పరేంటండీ," అంటూనే ఉన్నాడు. వేలు తిమ్మిరెక్కి తీశాక, తిట్టూ తిట్టూ మధ్య ఖాళీలో ఒక ముక్క వినిపించింది.

"తిండి పొట్లాలతో లాంచీ వస్తోంది. గట్టు మీద అందరూ స్టాండ్ బైలో ఉండండి. అర్థమైందా?"

సిద్ధంగా కనిపెట్టుకుని ఉండమని ఆయన చెప్పింది. అర్థమవకపోవడానికి ఏముంది? అబ్బులు ఏడో తరగతి దాకా చదివినవాడు.

"స్టాండంటే నిలబడ్డం అన్నయ్యా. బై అంటే టాటా చెప్పడం."

అంతే, అబ్బులు గట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిగెత్తాడు. సెట్టులో పై అధికారులు చెప్పారనేసరికి జనం నమ్మారు. కూర్చున్నవాళ్ళని లేపాడు, పడుకున్నవాళ్ళని లేపాడు, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మని ఇద్దరి చేత ఎత్తి నిలబెట్టించాడు. పడుకున్న గేదెని తోక మెలితిప్పి లేపాడు. అందరి చేతా చేతులూపించాడు. గేదెకి చెయ్యి లేదు గనక తోక తనే పట్టుకుని ఊపాడు.

లాంచీ వచ్చింది. అందులో ఆఫీసరు చూస్తే ఊరంతా గట్టు మీద వరసగా నిలబడి, నవ్వుతూ, టాటా చెబుతోంది.

"వీళ్ళకి ఏం కొదవున్నట్టు లేదయ్యా. మనల్ని వెళ్ళిరమ్మంటున్నారు," అన్నాడు ఆఫీసరు. లాంచీ తిరిగిపోయింది. పులిహోర వాసన మాత్రం కాసేపు గట్టు మీద ఉండిపోయింది.

జనం అబ్బుల్ని ఏటిలో ముంచడానికి మోసుకెళ్తుంటే సెట్టు మళ్ళీ పిలిచింది. అందుకని వదిలేశారు.

ఈసారి కామేశం గారి గొంతు గరగరల మధ్య తెగి తెగి వస్తోంది. "గుమ్మడిలంక... గుమ్మడిలంకలో జనం డాబా మీద చిక్కుకున్నారు... సాయంత్రానికి డాబా కూడా... వెంటనే పంపాలి..." ఏం పంపాలో వినపడలేదు. వరాలమ్మ గుడ్లనీళ్ళు కుక్కుకుని బల్ల పట్టుకుంది.

"ఏం పంపాలండీ?" అన్నాడు బుల్లెబ్బాయి. ఈసారి వేలు తీశాడు.

ఆయన మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ గరగర మింగేసింది. చివరికి వైర్‌లెస్ వాళ్ళ పద్ధతిలో ఒక్కో అక్షరం విడదీసి చెప్పారు. "రాసుకోండి. పలకలో ప. డబ్బాలో డ. వంకాయలో వ. అదే పంపాలి. ఆలస్యమైతే ప్రాణాలు పోతాయి." ఆ మాటతో సెట్టు బ్యాటరీ అయిపోయింది.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంత స్పష్టంగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

"పలకలో ప," అన్నాడు బుల్లెబ్బాయి. నరసమ్మ మనవడి పలక తెచ్చి, బలపంతో దాని నిండా ప రాశాడు.

"డబ్బాలో డ," అన్నాడు అబ్బులు. బియ్యం డబ్బా ఖాళీ చేసి, లోపలికి తల దూర్చి, అడుగున బొగ్గుతో డ రాశాడు. బయట రాస్తే డబ్బా మీద డ అవుతుంది, డబ్బాలో డ అవదు.

వరాలమ్మ నల్లటి వంకాయ తీసుకుని కత్తిపీట ముందు కూర్చుంది. అమ్మ ప్రాణం ఈ వంకాయలోనే ఉందనుకుంది. తలకట్టు పోకుండా వ చెక్కింది. "పుచ్చు లేదు కదా?" అన్నాడు బుల్లెబ్బాయి. "లేదండీ, మంచిదే ఏరాను," అంది ముక్కు చీదుతూ.

వీటిని లంకకి చేర్చాలంటే పడవ కావాలి. పడవలన్నీ పడవవాళ్ళ పెద్ద, సరంగు పోతురాజు చేతిలో ఉన్నాయి. ముగ్గురూ రేవుకి పరిగెత్తారు.

పోతురాజుకి పొద్దున్నుంచీ తిండి లేదు. పొట్లాల లాంచీకి టాటా చెప్పించినవాణ్ణి చూడగానే తెడ్డు అందుకున్నాడు.

"కొట్టడం తర్వాత, పోతురాజన్నా," అంది వరాలమ్మ. "మా అమ్మ ఉంది గుమ్మడిలంకలో. వీటిని వెంటనే అక్కడికి పంపాలి. లేకపోతే ప్రాణాలు పోతాయంట. నీకు పుణ్యముంటుంది."

పోతురాజు ఆ మూడింటినీ చూశాడు. వరాలమ్మ చేతిలో వంకాయ, అబ్బులు చేతిలో డబ్బా, బుల్లెబ్బాయి చేతిలో పలక.

"వ, డ, ప," అని చదివాడు. "వడప ఏంటి? వడపప్పా?"

"మాకేం తెలుసు? చెప్పింది తెచ్చాం. ముందు పలక అన్నారు, తర్వాత డబ్బా, ఆఖర్న వంకాయ."

"అయితే ఆ వరసలో నిలబడండి."

నిలబడ్డారు. పోతురాజు పలక చూశాడు, వంగి డబ్బాలోకి చూశాడు, వంకాయ చూశాడు. తెడ్డు కింద పడేశాడు.

"పడవ," అన్నాడు. "పడవలు పంపమన్నార్రా. లంకలో జనం ఉండిపోయారు." వెనక్కి తిరిగి ఒక్క కేక పెట్టాడు. రేవులో ఉన్న పడవలన్నీ ఏట్లోకి దిగాయి.

గట్టు మీద జనమంతా చూస్తున్నారు. బుల్లెబ్బాయి మాత్రం నీళ్ళలోకి దిగి అరుస్తున్నాడు. "పోతురాజూ, పంపమన్నవి ఇక్కడే వదిలేసి ఉత్త పడవలతో వెళ్ళి ఏం చేస్తావయ్యా? కనీసం వంకాయైనా తీసుకెళ్ళు."

ఎవరూ వినలేదు. పడవల వెంట వంకాయ విసిరాడు. అది పోతురాజు వీపుకి తగిలి ఏట్లో పడింది. వరాలమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. ఇంక తన తల్లి దక్కదని ఖాయం చేసుకుంది.

పొద్దు వాలకముందే పడవలు తిరిగొచ్చాయి. లంకలో జనం ఒక్కరూ మిగలకుండా వచ్చారు. మొదటి పడవలోంచి సూరమ్మ దిగింది. తడిసి, నీలుక్కుపోయి, గుప్పిట్లో తాళంచెవి బిగించి పట్టుకుని. వరాలమ్మ వెళ్ళి వాటేసుకుంది. కొంగుతో తల తుడిచింది.

"ఇల్లెలా ఉందే అమ్మా?" అంది వరాలమ్మ.

"గోడలు పోయాయి, కప్పు పోయింది. తాళం వేసే వచ్చాలే, భయం లేదు," అంది సూరమ్మ.

మర్నాడు కామేశం గారు అదే లాంచీలో పొట్లాలు వేయించుకుని వచ్చారు. జరిగిందంతా పోతురాజు చెబితే విన్నారు. నవ్వాలో ఏడవాలో ఆయనకి తేలలేదు. ఏమైతేనేం, అంతమంది ప్రాణాలు నిలిచాయి. ముగ్గురి భుజాలూ తట్టి, "మీరింక సొంతంగా లైసెన్సు పెట్టుకోవాలి. పట్నంలో ఆఫీసుకెళ్ళి దరఖాస్తు ఇవ్వండి, పరీక్ష సంగతి నేను చూసుకుంటా. పాసైతే మీకంటూ ఒక కాల్ సైన్ ఇస్తారు. అదే మీ గుర్తు. ప్రపంచంలో ఇంకొకరికి అలాంటిది ఉండదు," అన్నారు. గాలిలో పలికే పేరు సంగతి ఆయన చెప్పింది.

ముగ్గురూ ఆ రోజంతా తమ పాదాలు చూసుకున్నారు. ప్రపంచంలో ఇంకొకరికి అలాంటివి లేవంటే నిజమేననిపించింది.

వరద తీశాక ఒక మంచిరోజు చూసుకుని పట్నం బయల్దేరారు. వరాలమ్మ ముగ్గురి కాళ్ళకీ సున్నిపిండి పెట్టి తోమింది. దారిలో మాసిపోకుండా గుడ్డలు చుట్టింది. ఫొటోలు కూడా కావాలంటారని పోతురాజు చెబితే ముందు స్టూడియోకి వెళ్ళారు. ఆ తర్వాత ఆఫీసుకి.

లైసెన్సు ఆఫీసరు పెద్దమనిషి. కళ్ళజోడు సర్దుకుని, "ఏం కావాలి?" అన్నాడు.

"కాల్ సైనండి," అన్నాడు బుల్లెబ్బాయి.

"మంచిది. పేర్లు రాసి, కింద సంతకాలు పెట్టండి."

అబ్బులు పేర్లు రాశాడు. బుల్లెబ్బాయి కాలి గుడ్డ విప్పాడు. బల్ల మీదున్న సిరా మెత్త నేల మీద పెట్టి, పాదం బాగా అద్ది, ఆఫీసరు కుర్చీ చెయ్యి పట్టుకుని బల్ల మీదికి కాలు చాపి దరఖాస్తు నిండా అచ్చు దింపేశాడు. వెనక వరాలమ్మ, ఆవిడ వెనక అబ్బులు. అబ్బులు కాలు పెద్దది. సగం సంతకం కాగితం దాటి ఆఫీసరు తెల్లచొక్కా మీదికి పోయింది.

ఆఫీసరు రుమాలుతో చొక్కా తుడుచుకున్నాడు. ఏదో ఒకటి అడగాలి గనక, "ఫొటోలైనా తెచ్చారా?" అన్నాడు.

"తెచ్చామండి." బుల్లెబ్బాయి జేబులోంచి కవరు తీసి మూడు ఫొటోలు వరసగా పరిచాడు. మూడింటిలోనూ మూడు పాదాలు, నీలం తెర ముందు, నిటారుగా.

"మొహాలేవయ్యా?" అన్నాడు ఆఫీసరు నీరసంగా.

బుల్లెబ్బాయి జాలిగా చూశాడు. ఇంత చదువుకుని ఈ ఉద్యోగం ఎలా చేస్తున్నాడో పాపం అనుకున్నాడు.

"మొహంతో సంతకం ఎవరు పెడతారండీ?"