ఓటి పడవల పాఠం

పడవలు కట్టడం నేర్చుకునేవాళ్ల కోసం మంత్రి పెద్ద గ్రంథం రాశాడు. తప్పు పట్టుకోవడం నేర్పేందుకు వడ్రంగి పోలయ్య కావాలని ఓటిగా చేసిన బొమ్మ పడవలను ఇక తగలబెట్టమన్నాడు.

"ఒక్కటి చూసి కాల్చండి బాబయ్యా" అంటూ పోలయ్య ఓ బొమ్మ అందించాడు.

మంత్రి గ్రంథం తిరగేసి కొలతలు సరిచూశాడు. "దీనికేం? లక్షణంగా ఉంది!"

"అయితే మీ గ్రంథాన్ని ఇందులో పెట్టి గంగాళంలో వదలండి."

కాసేపటికి లోపలికి నీరు చేరి గ్రంథంతో సహా పడవ మునిగింది.

"పలకల అతుకు దగ్గర కారుతోంది. చేత్తో తడిమితే మా దగ్గర నేర్చుకునే పిల్లలు మొదటి రోజే పట్టేస్తారు" అన్నాడు పోలయ్య.

మంత్రి మెత్తబడ్డాడు. "ఓటి బొమ్మలతో నేర్పే ఈ ఉపాయం నీకెలా తట్టింది?"

పోలయ్య తడి బొమ్మను పైపంచెతో తుడిచాడు. "మా తమ్ముడికి మంచి పడవలే చూపించి నేర్పాను బాబయ్యా. వాడు తను కట్టిన మొదటి పడవలో ఏరు దాటబోయాడు, అవతలి గట్టు చేరలేదు. ఈ బొమ్మలు చేయడం ఆ తరవాతే మొదలుపెట్టాను."