గీతకి అవతల బెత్తెడు

విశాఖలో టెన్నిస్ నేర్పే భుజంగరావు మాస్టారిని ఏదన్నా అడగాలంటే, పిల్లలు ముందు బూట్ల లేసులు బిగించుకుని మరీ అడుగుతారు. ఆయన నోటితో జవాబు చెప్పడం అరుదు. "పద కోర్టులోకి" అంటారు. ఆ సాయంత్రం హైమ మాత్రం లేసులు కట్టుకోకుండానే అడిగేసింది. అంత భయంగా ఉంది ఆ పిల్లకి.

మర్నాడు క్వాలిఫయింగ్‌లో ఆఖరి మ్యాచ్. గెలిస్తే అసలు టోర్నమెంట్లో చోటు దొరుకుతుంది. ఇంతకుముందు రెండుసార్లు ఈ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగింది. ఈసారీ అంతే అయితే ఇక ఆడటం ఆపేసి చిన్నపిల్లలకి నేర్పుకోమని అకాడమీ వాళ్ళు మెత్తగానే చెప్పేశారు. పోనీ ఎదురుగా ఎవరో మామూలు మనిషా అంటే, మిలేనా. ఒకప్పుడు ప్రపంచంలో మొదటి ఇరవైమందిలో ఉన్నావిడ. మోకాలికి ఆపరేషన్ అయ్యాక మళ్ళీ కింది మెట్టు నుంచి ఎక్కుతోంది. ర్యాంకు పోయింది గానీ నడక పోలేదు. టాస్ వేస్తుంటే అందరూ నాణెం వైపు చూస్తారు, ఆవిడ ఎదుటిమనిషి మొహంలోకి చూస్తుంది.

"వాళ్ళకి అసలు భయమన్నదే పుట్టదా మాస్టారూ? ఆట వచ్చు కాబట్టి అలా నడుస్తారా, అలా నడుస్తారు కాబట్టి ఆట వస్తుందా?" అంది హైమ. "పొద్దున లాకర్ రూములోకి వచ్చింది. బెంచీ మీద నా బ్యాగుంటే గబుక్కున తీసేశాను. ఆవిడ అడగను కూడా అడగలేదు."

"కూచుందా మరి?"

"లేదు. నిలబడే నీళ్ళు తాగి వెళ్ళిపోయింది."

"నీ బ్యాగో?"

"కిందే ఉంది."

మాస్టారు నవ్వలేదు. లేచి వెళ్ళి ఒక బకెట్టు నిండా నీళ్ళు పట్టుకొచ్చి, బంతులన్నీ అందులో పడేశారు. "పద కోర్టులోకి. నీ వైపు పడిన బంతి లోపలో బయటో నువ్వే చెప్పు. రేపటిలాగే" అన్నారు.

ఈ స్థాయి మ్యాచుల్లో గీతల దగ్గర మనుషులు ఉండరు. నాలుగు కోర్టులకీ కలిపి ఒక్క అంపైరు తిరుగుతుంటాడు. ఎవరి వైపు పడిన బంతికి వాళ్ళే తీర్పరి. బయట పడితే వేలెత్తి 'అవుట్' అనాలి. అనుమానం వస్తే బంతి ఎదుటివాళ్ళదే, 'గుడ్' అనాలి. ఆటంత పాతది ఆ మర్యాద.

మాస్టారు తడిబంతులు ఒక్కొక్కటే గీత చివరికి కొడుతూ పోయారు. హైమ 'గుడ్' అంది. మళ్ళీ 'గుడ్' అంది. కొన్నిటికి ఏమీ అనకుండా పరిగెత్తి తిరిగి కొట్టింది. కాసేపటికి ఆయన ఆపి, నెట్ దాటి, ఆమె వెనక్కి వచ్చారు. సిమెంటు కోర్టు మీద తడి మచ్చలు ఇంకా ఆరలేదు. సగానికి సగం గీత బయటే ఉన్నాయి. ఆయన సుద్దముక్క తీసి, మచ్చలు ఆరిపోయేలోపు ఒకదాన్నుంచి ఒకదానికి కలుపుతూ గీసుకుపోయారు. తెల్లగీతకి బెత్తెడు అవతల ఇంకో గీత తయారైంది.

"ఇదమ్మా నీ కోర్టు" అన్నారు. "మిలేనాది చిన్నది. గీత దగ్గరే ఆగిపోతుంది."

"నేను అవుట్ అన్నాక అది లోపల పడిందని తేలితే? అందరూ ఫోన్లు పట్టుకుని కూచుంటారు మాస్టారూ. దొంగ అంటారు."

"ఇందాక ఇవి బయట పడటం నీకు కనబడలేదా?"

"కనబడ్డాయి."

మాస్టారు సుద్దముక్క జేబులో వేసుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

మర్నాడు టిఫిను ముట్టకుండానే వచ్చింది హైమ. టాస్ దగ్గర మిలేనా చూసిన చూపుకి కళ్ళు నాణెం మీదికి దించేసుకుంది. అయినా కాళ్ళు అలవాటు కొద్దీ పరిగెత్తాయి, చెయ్యి అలవాటు కొద్దీ కొట్టింది, ఆట ఎలాగో ఆఖరిదైన మూడో సెట్టులో, గెలుపు తేల్చే టైబ్రేక్ దాకా వచ్చింది. అక్కడ మిలేనా కొట్టిన ఒక బంతి గీత దాటి పడింది. రెండు వేళ్ళ మందం దాటింది. హైమకి స్పష్టంగా కనబడింది. కానీ మిలేనా అప్పటికే పిడికిలి బిగించి, పాయింటు తనదే అన్నట్టు తువ్వాలు వైపు నడిచిపోతోంది. చుట్టూ జనం చప్పట్లు కొట్టేస్తున్నారు. ఒప్పేసుకుంటే ఎవరూ ఏమీ అనరు, మంచిపిల్ల అంటారు కూడా. హైమ వేలు మటుకు పైకి లేచింది.

"అవుట్."

మిలేనా ఆగింది. మెల్లగా నెట్ దాకా వచ్చి నిలబడింది. "ఆర్ యూ ష్యూర్?"

ఫోన్లన్నీ తన వైపు తిరగడం హైమకి తెలుస్తూనే ఉంది. అయినా లేచిన వేలు దించలేదు. "యెస్" అంది. ఆ గొంతు తనదో కాదో తనకే తెలియలేదు.

మిలేనా వెనక్కి వెళ్ళింది. ఆట సాగి హైమకి మ్యాచ్ పాయింటు వచ్చింది, ఇదొక్కటి దక్కితే గెలుపే. హైమ కొట్టిన బంతి మిలేనా వైపు గీత మీదో, గీత పక్కనో పడింది. మిలేనా వేలు చటుక్కున లేచింది. "అవుట్."

హైమ అలవాటుగా తల వంచుకుని వెనక్కి తిరిగింది. రెండడుగులు వేశాక ఆగిపోయింది. నెట్ దగ్గరికి వచ్చి, మెల్లగా అడిగింది. "ఆర్ యూ ష్యూర్?"

మిలేనా ఆమె వైపు చూడలేదు. బంతి పడిన చోటు వైపు చాలాసేపు చూసింది. లోపల పడిందంటే మ్యాచ్ హైమది అయిపోతుంది. అనకపోతే అడిగేవాడు లేడు. చివరికి వేలు దించి, "గుడ్" అంది. అదే నడకతో వచ్చి చెయ్యి చాపింది. ఆ అరచెయ్యి మంచులా చల్లగా ఉంది.

జనం వెళ్ళిపోయాక హైమ మాస్టారి పక్కన కూలబడింది. గెలిచిన సంతోషం ఇంకా రాలేదు.

"ఇంకా భయంగానే ఉంది మాస్టారూ. ఆవిడకి మాత్రం లేదు. ఓడిపోయి కూడా ఎలా వెళ్ళిందో చూశారుగా."

మాస్టారు ఖాళీ అయిన కోర్టు వైపు చూస్తూ అన్నారు. "ఇన్నాళ్ళూ నువ్వు బయట పడ్డవాటికి భయపడి 'గుడ్' అన్నావు. ఇవాళ ఆవిడా, ఓడిపోతానని తెలిసి, 'గుడ్' అంది. రెండూ ఒకటేనా హైమా?"