మేదరి నాంచారి ఖాళీ చేయి

అనగనగా, కొండకీ ఊరికీ మధ్య ఇంకా దారి పడని రోజుల్లో, ఒక మేదర్ల గూడెం. ఊఁ కొడుతూ వినండి. ఈ కథలో ఊఁ ఆగితే చెప్పేవాళ్లకే భయం వేస్తుంది.

ఆ గూడెంలో నాంచారి అని ఒకామె ఉండేది. వెదురు చీల్చి ఉయ్యాలలు అల్లేది. అల్లుతూ అల్లుతూ ఒక్కో ఉయ్యాలకు ఒక్కో జోలపాట కట్టేది. ఆ పాట పాడితే ఎంత పెంకి పిల్లయినా కళ్లు మూయాల్సిందే. పల్లెల నుంచి వచ్చారు, పట్నాల నుంచి వచ్చారు, చివరికి కోటలోంచీ వచ్చారు. చదువుకున్నవాళ్లు ఆమె పాటల్ని తాటాకుల మీద రాసుకుని పోయేవాళ్లు. మొగుడు పోయి, ఒక్కగానొక్క కూతురిని అత్తారింటికి పంపేసిన మనిషికి ఆ పేరే తోడు.

ఒకనాడు వెదురు పేడు ఆమె అరచేతిలో దిగి విరిగింది. చేయి వాచిపోయింది. దారిన పోయే మందులవాడు ఒకడు ఆవగింజంత నల్లమందు ఇచ్చాడు. మింగింది. నొప్పి పోయింది. ఆ మధ్యాహ్నమే ఒక పాట వచ్చింది. కష్టపడి కట్టకుండానే, దానంతట అదే వచ్చింది. అంత మంచి పాట అంతకుముందు రాలేదు. పాపం, అది తన పాటేనని నాంచారికి తోచలేదు. మందు ఇచ్చిన పాట అనుకుంది.

చేయి నయమైంది. మందు మాత్రం వదల్లేదు.

కొన్నాళ్లకు మిట్టమధ్యాహ్నం పెరటి గుమ్మంలోంచి ఎవరో ఆడమనిషి పిలిచింది.

"నాంచారీ, పాట కావాలా?"

"కావాలి."

"మరి నాకేమిస్తావు?"

తొంగి చూస్తే ఎవరూ లేరు. నాంచారి నవ్వేసి, "నా ఆకలి తీసుకో" అంది. ఆవగింజంత మందు మిరియపు గింజంత అయింది. పాట వచ్చింది. ఆకలి పోయింది.

ఇంకొన్నాళ్లకు మళ్లీ అదే పిలుపు. "నాంచారీ, పాట కావాలా? మరి నాకేమిస్తావు?"

"నా నిద్ర తీసుకో."

మిరియపు గింజ శనగ గింజయింది. పాట వచ్చింది. నిద్ర పోయింది. ఊళ్లో పిల్లలందరినీ పడుకోబెట్టే మనిషి తెల్లవార్లూ కళ్లు తెరుచుకుని కూర్చునేది.

అప్పుడు కూతురు సూరమ్మ పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. అదే సమయానికి కోట నుంచి కబురు. రాజుగారి కోడలికి నెలలు నిండుతున్నాయట, ఉయ్యాలా కావాలి, పాటా కావాలి. నాంచారి ఎంత తన్నుకున్నా ఒక్క ముక్క రాలేదు. మూడోసారి పెరట్లోంచి పిలుపు వచ్చింది.

"నాంచారీ, పాట కావాలా? మరి నాకేమిస్తావు?"

ఇవ్వడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. విసుగొచ్చి, "నీకేం కావాలో నువ్వే తీసుకో పో!" అంది.

అనకూడని మాట అది. చెబుతుంటే నాకే ఒళ్లు జలదరిస్తోంది.

పాట వచ్చింది. ఆ రోజు నుంచి మనవరాలు భలే బుద్ధిమంతురాలైపోయింది. నాంచారి మందును వేళ్లతో నలిపి, ఉండ చేసి మింగేది. వచ్చి ఉయ్యాల దగ్గర కూర్చునేది. చూపుడువేలు పిల్ల నోట్లో పెట్టి పాట ఎత్తుకునేది. గూడెంలో అవ్వలందరూ అలాగే వేలు చప్పరించనిస్తారు. రెండో చరణం రాకముందే పిల్ల నిద్రపోయేది. అమ్మలక్కలు ముక్కున వేలేసుకున్నారు. నాంచారి పొంగిపోయింది.

"అమ్మా, పిల్ల సరిగా పాలు తాగడం లేదే" అంది సూరమ్మ.

"నిద్రమత్తులే. లేచి తాగుతుంది."

"అమ్మా, పిల్ల ఏడవడం లేదే."

"నా పాటంటే ఏమనుకున్నావు మరి!"

"అమ్మా, గిల్లినా లేవడం లేదే!"

ఈసారి నాంచారి తనూ వంగి గిల్లి చూసింది.

మర్నాటికి మందు నిండుకుంది. మందులవాడు రాలేదు. పొద్దెక్కేసరికి నాంచారికి చేతులు వణికాయి, ముక్కు కారింది, ఆవులింతల మీద ఆవులింతలు. పిల్ల లేచి గుక్కపట్టింది. నాంచారి చేతులు కడుక్కుని వచ్చి, వేలు పెట్టి పాడింది. పిల్ల చప్పరించి వేలు తోసేసింది. మళ్లీ పాడింది. ఏడుపు ఆగలేదు. వంగి చూసింది. ఆ చిన్న చేతులు వణుకుతున్నాయి. ఆ చిన్న ముక్కు కారుతోంది. ఆ చిన్న నోరు ఆవులిస్తోంది.

నాంచారి తన వేలు తన నోట్లో పెట్టుకుంది. కడిగిన వేలే, గోటి కింద ఇంకా చేదుగా ఉంది.

పెరట్లో ఎవరో నవ్వారు. "నువ్వే కదా తీసుకోమన్నావు?"

నాంచారి గుండెలు బాదుకుని కూతురికి ఉన్నదంతా చెప్పింది. ఇంట్లో తన చేత్తో అల్లిన వడ్ల గాదె ఖాళీగా ఉంది. అందులోకి దిగింది.

"సూరీ, మూత వేసి కట్టెయ్. బతిమాలినా విప్పకు. తిట్టినా విప్పకు. చస్తున్నానన్నా విప్పకు. పిల్లకు పాలు పట్టు. తాగకపోతే గుడ్డ తడిపి చుక్క చుక్క పిండు. ఒళ్లోంచి దించావా, నా మీద ఒట్టే!"

మొదటి రోజు బతిమాలింది. రెండో రోజు కన్నకూతురనైనా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టింది. మూడో రోజు గొంతు సన్నబడింది. గాదెలో తల్లి, ఒళ్లో బిడ్డ, ఇద్దరిదీ ఒకటే మూలుగు. సూరమ్మ అటు మూత సందులోంచి మంచినీళ్లు అందించింది, ఇటు పాలు పిండింది. ఇద్దరిలో ఎవరు మూలగడం ఆపినా ఆమె గుండె ఆగినంత పనయ్యేది.

ఆ మూడో రోజే కోటవాళ్లు వచ్చారు. మందులవాణ్ణి వెంటబెట్టుకుని మరీ వచ్చారు.

"సూరీ, ఎవరే?" గాదెలోంచి గొంతు.

"కోటవాళ్లమ్మా. పాట కావాలంట. నీకు కావలసినంత మందు తెచ్చారంట."

గాదెలో వెదురు కిరకిరలాడింది. గోళ్లతో గీకుతున్న చప్పుడు. సూరమ్మ పిల్లను గుండెకు హత్తుకుంది. గీకుడు ఆగాక లోపల నుంచి మాట వచ్చింది.

"నాంచారి దగ్గర పాటలు అయిపోయాయని చెప్పు."

కోటవాళ్లు తిట్టుకుంటూ వెళ్లిపోయారు. ఆ సాయంత్రం పిల్ల మొదటిసారి గట్టిగా పాలు లాగింది.

నాంచారి గాదెలోంచి బయటికొచ్చింది కానీ, మళ్లీ అంత గొప్ప పాట కట్టలేదు. ఉయ్యాలలు అల్లుకుంటూ బతికింది. పెరటి పిలుపు మాత్రం ఆగలేదు. బతికినన్నాళ్లూ మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి "నాంచారీ, పాట కావాలా?" అనేది. నాంచారి గజగజ వణికేది. పరుగున వెళ్లి చేతులు కడుక్కునేది. ఉయ్యాల ముందు నిలబడి అరచేయి చాపి, "చూడమ్మా, నా చేయి ఖాళీ" అనేది. అప్పుడే పిల్లను ముట్టుకునేది. ఏవో రెండు ముక్కలు పాడేది. పిల్ల ఎంతకీ నిద్రపోయేది కాదు. చుట్టుపక్కలవాళ్లు విసుక్కుంటే, "ఏడవనివ్వండే, ఏడుస్తోందంటే ఉన్నట్టే కదా" అనేది.

ముసలిదై మంచాన పడ్డాక, మాట పడిపోయాక, ఒక మధ్యాహ్నం నాంచారి ఒళ్లంతా వణికింది. ఎదిగిన మనవరాలు దగ్గరే ఉంది. నాంచారి కష్టం మీద అరచేయి తెరిచి చూపించింది. మనవరాలు ఆ చేతిని తన చెంపకు ఆనించుకుంది.

"చూశానవ్వా. ఖాళీయే."

అప్పుడు పోయింది నాంచారి.

ఇప్పటికీ ఆ కొండ పల్లెల్లో తల్లులు జోల ఎత్తుకునే ముందు బిడ్డకు అరచేయి చూపిస్తారు. "చూడమ్మా, నా చేయి ఖాళీ" అంటారు. తర్వాత పెరటి గుమ్మం వైపు తిరిగి అదే చేయి ఇంకోసారి చూపిస్తారు. అక్కడ ఎవరున్నారని అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు.

నా కథ అయిపోయింది. ఏదీ, పడుకునే ముందు అందరూ చేతులు చూపించండి.