చెంగమ్మ పిల్లల గుజ్జనగూళ్లు

చెరకుతోట గట్టు కింద బొరియ తవ్వుకుని చెంగమ్మ అనే కుందేలు కాపురముండేది. దానికి మూడు పిల్లలు. ఆ పక్కనే రైతులు బెల్లం వండేవారు. అక్కడ రాలిన ముక్కలు ఏరి తెచ్చి, జంబులయ్య అనే నక్క రోజూ పిల్లలకు పంచేది.

"పిల్లలంటే నాకు ప్రాణం అక్కా," అనేది.

అవును మరి, బలిసిన కుందేలు పిల్లలు ఏ నక్కకు చేదు?

చెంగమ్మకు దాని ఎత్తు తెలుసు. కానీ పిల్లలు వింటేగా! తోటకూర చూస్తే మూతి ముడిచేవి, ముల్లంగి పెడితే కంపనేవి. తిట్టింది, బతిమాలింది, ఒక పూట పస్తు కూడా పెట్టింది. ఓరోజు బొరియలోకి దూకమంటే మూడూ ఆయాసపడుతూ దొర్లుకుంటూ వచ్చాయి. ఇలాగైతే నక్క నోటికి చిక్కడం ఖాయమనుకుంది తల్లి.

మర్నాడు తిట్లు మానేసి, కొబ్బరిచిప్పలు తెచ్చి పిల్లల ముందు పెట్టింది.

"గుజ్జనగూళ్లు ఆడుకోండర్రా. మీరే తవ్వాలి, మీరే కడగాలి, మీరే వండి వడ్డించుకోవాలి."

"నిజం కూరలతోనేనా?" అంది చిన్నది, గున్నమ్మ.

"నిజం కూరలతోనే."

ఇంకేముంది, ఒళ్లంతా మట్టి! తోటకూర తుంచి వాసన చూశాయి. తను పీకిన ముల్లంగిని అన్న కంపంటే గున్నమ్మ ఊరుకుంటుందా? ముందు తనే కరకర నమిలి చూపించింది. ఓసారి కంద తవ్వి, ముక్కలు కోసి, చేతులు దురదపెట్టి లబోదిబోమన్నాయి. చెంగమ్మ చింతపండు రుద్దింది.

"పచ్చికంద చేతికే ఇలా ఉంటే, ఇక నోటికెలా ఉంటుంది? చింతపండు వేసి మెత్తగా ఉడికించాకే తినాలి."

కొన్నాళ్లకు జంబులయ్య తెచ్చిన బెల్లం చీమల పాలైంది. పిల్లలు చెంగుచెంగున గెంతుతున్నాయి. ఇంకా ఆగితే చిక్కవని నక్కకు కంగారు పుట్టింది.

ఓరోజు చెంగమ్మ మేతకు వెళ్లి తిరిగొచ్చేసరికి, నక్క బొరియ వాకిట్లోనే బైఠాయించి ఉంది. పిల్లలేమో బయట, కొబ్బరిచిప్పల దగ్గర. అరిస్తే నక్క వాటి మీద పడుతుంది. చెంగమ్మ గట్టు చాటున ఒదిగి చూసింది.

"ఇంటికొచ్చిన చుట్టానికి వడ్డించరా?" అంటోంది నక్క. "గున్నమ్మా, దగ్గరికొచ్చి నీ చేత్తో పెట్టు తల్లీ."

"చుట్టాలు ఆకు ముందు కూర్చోవాలి మావయ్యా. అదుగో, అక్కడ వేశాం. రండి."

నక్క నవ్వుకుంటూ వాకిలి వదిలి ఆకు ముందు కూర్చుంది. గున్నమ్మ చిప్పలో ముక్కలన్నీ ఆకులో గుమ్మరించి, నాలుగు గెంతులు వెనక్కేసింది.

"ముందు కూర తినాలి. ఒక్క ముక్క మిగిల్చినా నేను దగ్గరికి రాను."

పుట్టాక ఎన్నడూ కూర ముట్టని నక్క, తొందరలో అంతా గబగబా నమిలి మింగింది. మరుక్షణం నాలుక మీద సూదులు గుచ్చినట్టయింది. గొంతు భగభగమంది.

"అమ్మో! ఏం పెట్టావే?"

"కంద మావయ్యా! ఇంకా ఉడకబెట్టలేదు. మీరు వంట మధ్యలో వచ్చారు."

మూడు పిల్లలూ ఒక్క దూకులో బొరియలో పడ్డాయి. వాటి వెనకే తల్లి. నక్క మూతిని నేలకేసి రాసుకుంటూ, "అక్కా, కాస్త చింతపండు పడేయవూ!" అని ఏడ్చింది.

"నీ దగ్గర బెల్లముందిగా తమ్ముడూ," అంది చెంగమ్మ లోపల్నుంచి. "అదే నాకుతూ కూర్చో!"

బతిమాలి పెట్టిన తిండి కంటే, పిల్లలు తమ చేత్తో ముట్టుకుని నేర్చుకున్న తిండే ఒంటికి పడుతుంది, ఆపదకూ అక్కరకొస్తుంది.