పలకగుట్ట మీద పికిలిపిట్ట పేరు

చింతలకోన అడవిలో పలకగుట్ట అని ఒకటుంది. ఇంటి గోడంత నున్నటి నల్లరాయి. ఏ మడుగు నీళ్ళు తాగొచ్చు, ఏ కాయ తింటే కడుపునొప్పి, ఎవరు ఏ విద్యలో ఘనులు, అన్నీ దాని మీదే రాసి ఉంటాయి. సుద్దముక్క పట్టగలిగిన ఎవరైనా రాయొచ్చు, తప్పుంటే ఎవరైనా చెరపొచ్చు. ఇంతమంది చేతులు పడే చోట ఒక పెద్దదిక్కు ఉండాలి గనక, ఆ పని దున్నపోతుకు అప్పజెప్పారు. దానికి చదువు అంతంతమాత్రమే. కానీ ఎవరు తిట్టినా పట్టించుకోదు, ఆ ఉద్యోగానికి అంతకు మించిన అర్హత లేదు.

అక్కడ ఒక కట్టుబాటు ఉంది. చచ్చిపోయినవాళ్ళ గురించి తగువొస్తే తీరిగ్గా తేల్చుకోవచ్చు. బతికున్నవాళ్ళ మీద సాక్ష్యం లేని నింద కనబడితే మాత్రం ముందు చెరిపేయాలి, ఆ తర్వాతే పంచాయితీ.

ఆ ఎండాకాలం దున్నపోతు మూడు రోజులపాటు బురదగుంటలోంచి లేవలేదు. లేచి వచ్చేసరికి, పాటలు కట్టే పికిలిపిట్ట పేరు కింద నక్క ఒక కొత్త వాక్యం రాసిపెట్టింది: "ఈమె పాటలన్నీ చనిపోయిన కోకిలమ్మ దగ్గర దొంగిలించినవి." అడుగుదామంటే కోకిలమ్మ లేదు కదా.

పికిలిపిట్ట ఆ రాతి కిందే కూర్చుని ఉంది. తన దగ్గర పాట నేర్చుకునే పిల్లల్ని తల్లులు మాన్పించేశారని, ఇక ఈ అడవిలో ఉండలేనని చెప్పింది. పోయేముందు సుద్ద ఇస్తే తన గొప్ప తానే రాసి పోతానంది.

"నీ గురించి నువ్వు రాసుకోకూడదమ్మా. ఏది తప్పో నాకు చెప్పు, చూసుకునేది నేను," అంది దున్నపోతు. బురదలో పొర్లిన మూడు రోజులూ తలుచుకుని దానికి సిగ్గేసింది. తోకతో ఆ వాక్యాన్ని తుడిచేసింది.

నక్క ఊరుకుంటుందా? కోళ్ళగూట్లో తన తోక ఇరుక్కున్న సంగతి మీద పికిలిపిట్ట కట్టిన పాట విని అడవంతా నవ్వింది, దాని కడుపుమంట అక్కడిది. వచ్చీ రాగానే దున్నపోతును మొద్దు అంది, బురదబుర్ర అంది, పిట్టకు అమ్ముడుపోయావంది. దున్నపోతు మీద వాన కురిసినట్టు అంటారే, ఇక్కడ కురిసింది అక్షరాలా దున్నపోతు మీదే. నెమరు వేస్తూ అన్నీ వింది.

గొడవంటే పడని కుందేలు మధ్యలోకొచ్చి, "దొంగిలించిందని కొందరంటారు" అని రాసేస్తే ఇద్దరి మాటా నిలబడుతుంది కదా అంది. అలా రాస్తే నిలబడేది నక్క మాటేనని దున్నపోతు ఒప్పుకోలేదు.

"నిప్పు లేనిదే పొగ రాదు మామా. నేనొక్కణ్ణే అన్నానా? కాకి చెబుతోంది, చిలక చెబుతోంది. ఒకరికి ఇద్దరు సాక్షులు," అంది నక్క.

దున్నపోతు ఇద్దర్నీ పిలిపించింది. తెలివైనవాళ్ళయితే నిజమా అబద్ధమా అని గుచ్చిగుచ్చి అడుగుతారు. దానికి అంత తెలివి లేదు. ఒకటే అడిగింది.

"నీకెవరు చెప్పారు?"

కాకి చెప్పిందని చిలక అంది. విన్నది విన్నట్టు అప్పజెప్పే జాతి కాబట్టి ఆ మాట నమ్మొచ్చు. అదే ప్రశ్న కాకిని అడిగేసరికి దానికి రోషం వచ్చింది.

"నేను గాలికబుర్లు మోసేదాన్ని కాదు మామా. నా కళ్ళతో చదివాను. మొన్న పొద్దున ఈ పలకగుట్ట మీదే ఉంది."

గొడవ చూడ్డానికి చేరినవాళ్ళలో ముందు తాబేలు కిసుక్కున నవ్వింది, ఆపైన ఒక్కొక్కరే అందుకున్నారు. నక్క రాసింది కాకి చదివింది, కాకి అరిచింది చిలక వల్లించింది. ఆ ఇద్దర్నీ తీసుకొచ్చి నక్క తన రాతకే సాక్షులుగా నిలబెట్టింది.

"వీళ్ళు ఇద్దరు సాక్షులు కారు అల్లుడూ. నీ మాటే ఊరంతా తిరిగి నీ దగ్గరికొచ్చింది," అంది దున్నపోతు. "పొగ ఉన్నమాట నిజమే. ఊదింది నువ్వు."

తల్లులు తలలు దించుకుని, రేపట్నుంచి పిల్లల్ని పంపుతామని పికిలిపిట్టకు చెప్పారు. పిట్ట ప్రయాణం మానుకుంది. దున్నపోతుకు కడుపు నిండినట్టయింది.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ నక్క తనను నలుగురిలో నవ్వులపాలు చేసినందుకు కాకికి ఒళ్ళు మండింది. సుద్దముక్క కరుచుకుని నక్క పేరు కింద, "పోయినేడు నెమలి గుడ్లు మింగింది ఇదే" అని రాసేసింది. చదివిన నెమలి గోళ్ళు చాచి ముందుకొచ్చింది. దాని వెనక దుప్పి కొమ్ములు వంచింది. నక్క గబుక్కున దున్నపోతు కాళ్ళ మధ్య దూరింది.

"మామా, దానికి సాక్ష్యం లేదు. నేను బతికే ఉన్నాను కదా, ముందు చెరిపెయ్, తర్వాత అడుగు," అని బతిమాలింది.

దున్నపోతు కాకి వైపు తిరిగి, నీకెవరు చెప్పారని అడిగింది. అందరికీ తెలిసిందేగా అంది కాకి. అందరికీ తెలిసిందైతే సాక్ష్యం దొరకడం మరీ తేలిక, తీసుకొచ్చాకే రాయమని చెప్పి, దున్నపోతు తోకతో ఆ వాక్యాన్నీ తుడిచేసింది. నెమలి వెనక్కి తగ్గింది. నక్క బయటికొచ్చి, పికిలిపిట్ట ఎదురుగానే దున్నపోతుకు దండం పెట్టుకుని పోయింది.

నీతి: బతికున్నవారి మీద రాసేముందు ఆ మాట ఎక్కడ పుట్టిందో అడుగు, నీ మీద రాసిననాడు నువ్వు అడిగేదీ అదే.